కర్త లేని వాక్యం

ఇర్బిద్, బాలికల హాస్టల్
అక్టోబరు, 1997

నజాహ్ ఖాలాకు బుసైనా సలాం.

నువ్వు బాగున్నావని, మోకాళ్ళు నిన్ను మరీ సతాయించడం లేదని తలుస్తాను. నా సంగతి అడిగితే అంతా బాగే, అల్హందులిల్లా. బస్సు డ్రైవరు చేత పంపిన ఎండు పెరుగు ఉండలు అందాయి. హాస్టల్ వంటింట్లో నానబెట్టి మాంసంలో వండాం. నా గదిలో ఉండే ఇర్బిద్ పిల్ల మొదట ముక్కు మూసుకుంది. తర్వాత గిన్నె అడుగు కూడా రొట్టెతో తుడుచుకుని తింది.

ఇక అసలు సంగతి. ఈ ఏడాది మాకు డాక్టర్ రబాబ్ అని కొత్త టీచరు వచ్చింది. ఇంగ్లండులో చదివొచ్చిన మనిషి. ఆవిడ మా చేత ‘అద్దం వ్యాసం’ రాయిస్తుంది. వార్డులో జరిగిన ఒక్క సంఘటన తీసుకుని, అప్పుడు నువ్వేం చేశావు, నీకేమనిపించింది, మళ్ళీ అలాంటిదే వస్తే ఏం చేస్తావు అని ఇంగ్లీషులో రాయాలి. ఆ సబ్జెక్టు మార్కుల్లో సగం దానికే. నా వ్యాసం మార్కు లేకుండా తిరిగొచ్చింది. పక్కన ఖాళీ అంతా ఎర్ర సిరాతో ఒకటే ప్రశ్న. ‘గాయం శుభ్రం చేయబడింది’ అని రాశాను, పక్కన ‘ఎవరు?’ అని ఉంది. ‘రోగికి ధైర్యం చెప్పబడింది’ అని రాశాను, మళ్ళీ ‘ఎవరు?’ ఆఖర్న ఇలా ఉంది: ‘బుసైనా, ఈ అద్దంలో గది కనిపిస్తోంది, మంచం కనిపిస్తోంది, నువ్వు లేవు. డిసెంబరులోగా మళ్ళీ రాయి.’

సైనికుల పిల్లల కోటాలో వచ్చిన సీటు నాది. నీకు తెలుసు కదా, ముఖ్యమైన సబ్జెక్టు ఒక్కటి తప్పినా సీటు పోతుంది. నరం దొరకని చేతికి సూది వెయ్యమను, మంచం మీద మనిషిని లేపకుండా దుప్పటి మార్చమను, చేసి చూపిస్తాను. రాయమంటేనే నాకు చేతులు ఆడవు.

గేటు ఎదురుగా జిరాక్సు షాపులో వ్యాసాలు రాసి అమ్ముతారు. మా క్లాసులో కొందరు కొన్నారు కూడా. నాకు ఆ గడప తొక్కాలని లేదు. నువ్వు ఇన్నేళ్ళుగా బడిలో ఇంగ్లీషు చెబుతున్నావు. నువ్వే రాసి పంపితే నా చేతిరాతతో ఎక్కించుకుంటాను. నాన్నకు చెప్పకు.

నీ బుసైనా


కరక్
అక్టోబరు

బుసైనా పిల్లా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత తిట్టాను, తర్వాత టీ పెట్టుకుని మళ్ళీ చదివాను. మా అక్కకు, అంటే మీ అమ్మకు, చదువు మీద ఇష్టం లేదని తేలాకే మా నాన్న నాకు నజాహ్ అని పేరు పెట్టాడు. నజాహ్ అంటే పాసవడమే కదా. ఆ పేరున్న ఖాలాను పెట్టుకుని నువ్వు తప్పావంటే నేను ఊళ్ళో తలెత్తుకు తిరగగలనా?

వ్యాసం మాత్రం నేను రాయను. అది అద్దం అంటున్నావు. నేను రాస్తే అందులో నా ముఖం పడుతుంది, ముడతలతో సహా. యాభై దాటిన విద్యార్థిని ఎక్కణ్నుంచి ఊడిపడిందని ఆ డాక్టరమ్మ బిత్తరపోతుంది. షాపు నుంచి కొనే మాట ఇంకోసారి ఎత్తితే నేనే బస్సెక్కి వచ్చి, అందరి ముందూ చెవి మెలేస్తాను. కొన్న వ్యాసంతో పాసైన నర్సు నాకు సూది వేస్తానంటే నేను మంచం దిగి పారిపోతాను.

నీ జబ్బేమిటో నాకు తెలుసు. దాని పేరు మీ నానమ్మ. అల్లా ఆవిడకు స్వర్గమివ్వాలి, మంచి మనిషే. కానీ ఆ ఇంట్లో ఎవరైనా నోరుజారి ‘నేను’ అంటే చాలు, వెంటనే ‘నేను అనే మాట నుంచి అల్లా కాపాడుగాక’ అనిపించేదాకా వదిలేది కాదు. మొట్టమొదట ‘నేనే గొప్ప’ అన్నవాడు షైతాను అని ఆవిడ లెక్క. నువ్వు ఆవిడ ఒళ్ళో పెరిగావు. నీకు అన్నీ ‘చేయబడతాయి’. చిన్నప్పుడు మా ఇంట్లో గాజు జగ్గు పగలగొట్టి ‘ఖాలా, జగ్గు పగిలింది’ అన్నావు. అది తనంతట తనే అలమర దిగి వచ్చి పగిలినట్టు.

ఇంగ్లీషులో ‘నేను’ ఒకే ఒక్క అక్షరం, వాక్యం మధ్యలో వచ్చినా నిటారుగానే నిలబడాలి. దాన్ని రాస్తే చెయ్యేం కాలదు. మళ్ళీ రాసి నాకు పంపు. తప్పులు పెన్సిల్‌తో గుర్తు పెడతాను. వాక్యం ఒక్కటి కూడా ముట్టుకోను.

నీ ఖాలా


ఇర్బిద్
నవంబరు

ఖాలాకు సలాం.

వ్యాసం దీంతో పాటే ఉంది. ఈసారి ‘చేయబడింది’లన్నీ తీసేశాను. ‘మేము’ అని రాశాను. ‘మేము రోగికి అన్నం తినిపించాము, మేము ఓపిక నేర్చుకున్నాము.’ చదివితే బాగానే ఉన్నట్టు అనిపించింది. నీకు పంపకముందే డాక్టర్ రబాబ్‌కు చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, “ఒక చెంచాను ఎంతమంది పట్టుకున్నారు?” అని అడిగింది. వెనక బల్ల వాళ్ళంతా నవ్వారు.

ఇంతకీ రాయడానికి నాకు సంఘటన దొరకడం లేదు. నేనున్నది ఆడవాళ్ళ వార్డు. పొద్దున వెళతాం, దుప్పట్లు మారుస్తాం, జ్వరం చూస్తాం, రాస్తాం, సాయంత్రం హాస్టల్ బస్సెక్కుతాం. అందులో పెద్ద విశేషమేముంటుంది? కిందటి నెల ఒక ముసలమ్మకు కాలు తీసేయబడింది. అది వ్యాసానికి పనికొచ్చేది కాదులే. తోటి పిల్లలు తమాషా సంగతులు రాస్తున్నారు. నాకు తమాషాలు జరగవు.

మన ఊళ్ళో ఆలివ్ కోతలు అయిపోయాయా? కొత్త నూనె ఒక సీసా పంపు. ఇక్కడి నూనెకు రుచే లేదు.

బుసైనా


కరక్
నవంబరు

బుసైనా,

నూనె పంపుతున్నాను. గొంతులో మండేంత కొత్తది. రొట్టె ముంచుకుని తిని, బుద్ధి తెచ్చుకుని, ఇది చదువు.

నీ వ్యాసంలో నాకు పెన్సిల్ పెట్టే పని పెద్దగా లేదు. అక్షరాలు తప్పలేదు, కాలాలు తప్పలేదు. చచ్చిన చేపకు పొలుసులన్నీ ఉన్నట్టు అన్నీ ఉన్నాయి. కానీ నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నా పెన్సిల్ ఆగిపోయింది. ‘ఒక ముసలమ్మకు కాలు తీసేయబడింది.’ ఇంగ్లీషు పరీక్ష కాదు కదమ్మా ఇది, సొంత ఖాలాకు సొంత భాషలో రాసే ఉత్తరం. ఇందులో కూడా కర్త మాయమైపోయాడేం? ఇంట్లో మనమెవరైనా అలా మాట్లాడతామా? ‘డాక్టర్లు కాలు తీసేశారు’ అంటాం. ఆ వాక్యంలో నువ్వు ఎవర్నో దాస్తున్నావు. దాచి, వెంటనే పనికొచ్చేది కాదన్నావు, ఆ వెంటనే నా ఆలివ్ చెట్ల యోగక్షేమాలు అడిగావు. నా ఆలివ్ చెట్లను నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా అడిగావా?

పిల్లల పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది నాకొకటి తెలిసింది. ఎక్కడ నీళ్ళు నములుతారో అక్కడే చెప్పవలసింది ఉంటుంది. ఆ ముసలమ్మ ఎవరు? ఆ రోజు నువ్వెక్కడున్నావు? వ్యాసం సంగతి తర్వాత. ముందు నాకు చెప్పు.

నజాహ్


ఇర్బిద్
నవంబరు చివర

ఖాలా,

నువ్వు వదలవు కదా. చెబుతాను. కానీ చదివాక నన్ను ఓదార్చొద్దు.

ఆవిడ పేరు ఉమ్ ముత్లక్. మఫ్రక్ అవతలి బదూ గుడారాల మనిషి. చక్కెర జబ్బుతో వార్డులో చేరింది. నేను మొదటి రోజు తల దువ్వితే ముద్దుపెట్టి, తన కొడుకుల పేర్లన్నీ చెప్పింది. ఒక రోజు మధ్యాహ్నం ఆవిడ కాళ్ళు కడుగుతున్నాను. కుడికాలు వెచ్చగా ఉంది. ఎడమకాలు చల్లగా ఉంది, పాలిపోయి ఉంది. తుడుస్తుంటే ఆవిడ తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని కొరుకుతోంది. ఏమైంది హాజ్జా, నొప్పా అని అడిగాను. “అల్హందులిల్లా” అంది.

మన ముసలివాళ్ళ సంగతి నీకు తెలియంది కాదు. కడుపు నిండినా అల్హందులిల్లా, మాడినా అల్హందులిల్లా, ప్రాణం పోతున్నా అల్లాకు స్తోత్రమే, అల్హందులిల్లా. అల్లా ఇచ్చిన దాని మీద ఫిర్యాదు చేసినట్టవుతుందని నొప్పి అనే మాట నోట రానివ్వరు. ఏ అల్హందులిల్లాకు ఏమర్థమో గొంతు బట్టి పోల్చుకోవాలి. నేను పోల్చుకున్నాను. నానమ్మ ఆఖరి రోజుల్లో అదే గొంతు.

వార్డు పెద్ద సిస్టర్ ఫౌజియ్యా దగ్గరకెళ్ళాను. చెడ్డమనిషి కాదు, కానీ వార్డంతా ఆవిడ పేరు చెబితే కుక్కిన పేనులా ఉంటుంది. వెళ్ళి ఏమన్నానో తెలుసా? “కిటికీ పక్క మంచం ఆవిడకు కాలు కాస్త చల్లగా ఉందంటున్నారు” అన్నాను. “ఎవరంటున్నారు?” అని తలెత్తకుండానే అడిగింది. ‘నేనే’ అనాలి. కాలు పట్టుకున్నది నేను, చూసింది నేను. కానీ “ఎవరో అనుకుంటున్నారు సిస్టర్” అన్నాను. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, నొప్పేమైనా ఉందా హాజ్జా అని కేకేసింది. అల్హందులిల్లా తల్లీ అని జవాబొచ్చింది. “విన్నావా? రోగికి లేని నొప్పి నీకెందుకు?” అంది నాతో. చార్టులో ‘బాధలేవీ లేవు’ అని రాయించింది. రాసింది నేనే.

సాయంత్రం బస్సెక్కాను. మర్నాడు పొద్దున ఆ కాలు నీలంగా మారి ఉంది. మధ్యాహ్నానికి మోకాలి కింద తీసేశారు. డాక్టర్లు తీశారు, ఖాలా. చూశావా, కర్తను పెట్టాను.

ఒక్కసారి గట్టిగా ‘నేను చూశాను, మీరొచ్చి చూడండి’ అని ఉంటే సిస్టర్ వచ్చేదేమో. రాకపోయేదేమో. వచ్చినా కాలు నిలిచేది కాదేమో. నాకు ఎప్పటికీ తెలియదు. ఉమ్ ముత్లక్ ఇంకా అదే వార్డులో ఉంది, గాయం మానడం లేదు. నన్ను చూస్తే ఇప్పటికీ నవ్వుతుంది. నేనే ఆవిడ మంచం తప్పించుకుని తిరుగుతున్నాను.

బుసైనా


కరక్
డిసెంబరు

బుసైనా తల్లీ,

ఓదార్చనులే. నాకేడుపొచ్చింది, అది నా సంగతి.

నాకు రాసినది ఉన్నదున్నట్టుగా ఇంగ్లీషులో పెట్టు. పెద్ద మాటలు వెతకొద్దు. ‘చల్లగా’కు చల్లగా అనే రాయి, ‘భయపడ్డాను’కు భయపడ్డాను అనే రాయి. వాక్యం ముగించిన ప్రతిసారీ పైకి ‘ఎవరు?’ అని అడుగు. జవాబు లేకపోతే కొట్టేసి మళ్ళీ రాయి.

మీ నానమ్మ గుర్తొచ్చి చెయ్యి ఆగితే ఇది తలుచుకో. నమాజులో కలిమా చదివేటప్పుడు ఏమంటావు? ‘మేము సాక్ష్యమిస్తున్నాము’ అంటావా? ‘సాక్ష్యమివ్వబడుతోంది’ అంటావా? ‘నేను సాక్ష్యమిస్తున్నాను’ అంటావు. మీ నానమ్మ కూడా రోజూ అలాగే అంది. గొప్ప చెప్పుకునే ‘నేను’ వేరు, సాక్ష్యం చెప్పే ‘నేను’ వేరు. సాక్ష్యం ఇంకొకరి తరఫున చెప్పేది కాదు. మొదటిది షైతానుకు వదిలేసి రెండోది నువ్వు తీసుకో.

నజాహ్


ఇర్బిద్
జనవరి, 1998

ఖాలాకు సలాం, రమదాన్ శుభాకాంక్షలు.

సంతోషం, దుఃఖం ఒకే కవర్లో పంపుతున్నాను. నువ్వు పెన్సిల్ పెట్టిన చోట్ల దిద్దుకుని వ్యాసం ఇచ్చాను. డాక్టర్ రబాబ్ ఈసారి ఎర్ర సిరా తీయలేదు. క్లాసులో నా పేరు చెప్పకుండా చదివి వినిపించింది. ఎవ్వరూ నవ్వలేదు. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కు నాకే వేసింది. ఆ రోజు సాయంత్రం ఇఫ్తార్‌కు గదిలో అందరికీ కునాఫా కొనిపెట్టాను.

ఆ తీపి నోట్లో కరిగేలోపే కబురు వార్డుకు చేరింది. క్లాసులో ఒకమ్మాయి అక్క అక్కడే పనిచేస్తుంది. సిస్టర్ ఫౌజియ్యా నర్సింగ్ డైరెక్టరమ్మ దగ్గరకెళ్ళింది, ఆవిడ మా డిప్యూటీ డీన్ దగ్గరకొచ్చింది. నన్ను పిలిపించారు. నా వ్యాసాన్ని వాళ్ళే దిద్ది, టైపు చేయించి ఉంచారు. ఒక సంతకం నేను పెడితే చాలట. అందులో ఏముందో చూడు: ‘కాలిలో మార్పు గమనించబడింది. సంబంధిత సిబ్బందికి తెలియజేయబడింది. కొంత ఆలస్యం జరిగింది.’ సంతకం పెడితే మార్కు ఉంటుంది. పెట్టకపోతే ఆస్పత్రి పరువు తీశానని కమిటీ కూర్చుంటుంది, వ్యాసం రద్దవుతుంది, సబ్జెక్టు తప్పుతాను, సీటు పోతుంది.

బయటికొచ్చాక డాక్టర్ రబాబ్ నన్ను పక్కకు తీసుకెళ్ళింది. వాక్యం వాక్యానికీ ‘ఎవరు?’ అని రాసిన మనిషే కదా, నా పక్షాన ఉంటుందనుకున్నాను. ఆవిడ నేల చూస్తూ, “ఇది వ్యాకరణమే కదా బుసైనా. అర్థం మారదు” అంది.

వచ్చే వారం కమిటీ. నేనేం చేయను?

బుసైనా


కరక్
జనవరి

బుసైనా,

సంతకం పెట్టు.

నేనిలా రాస్తానని నువ్వనుకోలేదు. నేనూ అనుకోలేదు. కానీ నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు తెల్లవారుజామున సహరీ వేళ ముద్ద దిగడం లేదు. పొట్టేలు కొండను ఢీకొంటే విరిగేది కొండ కాదు, కొమ్ములు. వాళ్ళ చేతిలో ముద్ర ఉంది, నీ చేతిలో ఒక వ్యాసం ఉంది. ఆ కాలు ఎలాగూ తిరిగి రాదు. ఇప్పుడు తలొంచుకుని చదువు పూర్తి చెయ్యి. రేపు నువ్వే వార్డు పెద్దవయ్యాక ఎంతమంది కాళ్ళయినా కాపాడు, ఎంత గట్టిగానైనా అరువు. ఇవాళ ఇంటికొచ్చి కూర్చుంటే ఎవరి కాలు కాపాడతావు?

మీ అమ్మకు అసలే రక్తపోటు. మీ నాన్నకు ఇంతవరకూ నేను ఒక్కముక్క చెప్పలేదు. నీ పేరున సీటు వచ్చిన రోజు ఆయన పాత యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు, గుర్తుందా? ఆ మనిషికి నేను ఏ ముఖంతో చెప్పను?

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఈ ఒక్కసారికి నా మాట విను.

నజాహ్


ఇర్బిద్
జనవరి

నజాహ్ ఖాలాకు,

వినను.

ఆ ముసలమ్మ నోరు మంచిదే. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఊరు మంచిదైందా?

నువ్వే నా చేత ‘నేను’ అని రాయించావు. సాక్ష్యమన్నావు, కలిమా అన్నావు. సాక్ష్యం క్లాసులో చెబితే పుణ్యం, కమిటీలో చెబితే పాపమా? నీ మీద కోపంగా ఉంది ఖాలా. ఉపవాసంలో కోపం పనికిరాదంటారు. అయినా ఉంది.

వాళ్ళు టైపు చేసిన కాగితం మళ్ళీ మళ్ళీ చదివాను. ‘ఆలస్యం జరిగింది’ అట. ఆలస్యం తనంతట తాను చెప్పులు తొడుక్కుని వార్డులోకి నడిచొచ్చిందా? మొదట సిస్టర్ ఫౌజియ్యా పేరు తీసేశారనే మండిపడ్డాను. తర్వాత చూస్తే అందులో నేనూ లేను. కాలు పట్టుకుని చూసి, తెలిసి కూడా ‘ఎవరో అనుకుంటున్నారు’ అని నోరు దాచుకున్న పిల్ల లేదు. ‘బాధలేవీ లేవు’ అని రాసిన చెయ్యి లేదు. నా తప్పును కూడా వాళ్ళు చక్కగా ఉతికి ఆరేశారు. నన్ను కాపాడుతున్నామనే అనుకుంటున్నారు. నాకు ఆ కాపుదల వద్దు. తప్పు నాది కూడా. నాది అయినదాన్ని నా దగ్గర్నుంచి తీసుకుపోయే హక్కు ఏ డైరెక్టరమ్మకూ లేదు.

చదువు పూర్తయ్యాక అరవమన్నావు. ఇప్పుడు నోరు మూసుకోవడం బాగా నేర్చుకుంటే అప్పటికి అరవడం ఎలాగో మర్చిపోతాను. సిస్టర్ ఫౌజియ్యా కూడా ఒకప్పుడు విద్యార్థినే కదా.

నాన్నకు నువ్వు చెప్పకపోతే నేనే రాస్తాను. తాడో పేడో తేలనీ.

బుసైనా


కరక్
జనవరి

నా బుసైనా,

మీ నాన్నకు చెప్పాను. ఇఫ్తార్ అయ్యాక నీ ఉత్తరాలన్నీ పట్టుకెళ్ళి వరసగా చదివి వినిపించాను. మీ అమ్మ ఏడుస్తూ కూర్చుంది. ఆయన పూసల దండ తిప్పుతూ విన్నాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు. “చూసిందా, విన్నదా?”

చూసింది, చేత్తో పట్టుకుని చూసింది అన్నాను.

“చూసినదాన్ని చూడలేదని రాసే సిపాయిని మేము కాపలాకు పెట్టేవాళ్ళం కాదు” అన్నాడు. ఆ తర్వాత మీ అమ్మ వైపు తిరిగి, ఇంట్లో రొట్టెకు లోటు లేదు, సీటు పోతే పిల్ల ఇంటికొస్తుంది, అంతే కదా అన్నాడు. లేచి రాత్రి తరావీహ్ నమాజుకు వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళుగా ఆయన్ని మొద్దు మనిషి అనుకున్నాను. నీకు తప్ప ఎవరికీ ఈ సంగతి చెప్పను.

నా కిందటి ఉత్తరం చింపెయ్. అందులో రాసింది నేనే, ఇంకెవరో కాదు. నాకు భయమేసింది. ఇప్పుడూ వేస్తోంది. అయినా సంతకం పెట్టకు.

రావాలని చాలా ఉంది. ఈ మోకాళ్ళతో ఇన్ని బస్సులు మారలేను, బడిలో పరీక్షలు కూడా. కమిటీలో నీళ్ళు నమలకు. మన ఊరి యాస వస్తే రానీ.

నజాహ్


ఇర్బిద్
జనవరి చివర

నా ప్రియమైన ఖాలాకు,

నీ ఉత్తరం కమిటీకి వెళ్ళే రోజు పొద్దున అందింది. కోపమంతా దిగిపోయింది.

గదిలో పొడుగు బల్ల, అటువైపు డిప్యూటీ డీన్, డైరెక్టరమ్మ, డాక్టర్ రబాబ్. అందరూ ఉపవాసంలో ఉన్నారు, పెదాలు ఎండి ఉన్నాయి, త్వరగా తేల్చుకుని ఇళ్ళకు పోదామన్నట్టున్నారు. టైపు కాగితం, పైన పెన్ను. డైరెక్టరమ్మ మెత్తగానే మాట్లాడింది. రోగే తనకు బాధ లేదంది, చార్టులో కూడా ఉంది, మరి నువ్వెలా రాశావు అంది. చార్టులో అలా రాసింది నేనేనండి, అది తప్పు రాత అన్నాను.  డిప్యూటీ డీన్ పెన్ను నా వైపు జరిపి, ఎవర్నీ నిందించకుండా కూడా నిజం చెప్పొచ్చు అమ్మాయీ అన్నాడు.  

“ఇందులో కాలు ఉందండి, మార్పు ఉంది, ఆలస్యం ఉంది. మనుషులు లేరు. నేను అక్కడున్నాను. నేను చూశాను. నేను సరిగ్గా చెప్పలేదు. సిస్టర్ ఫౌజియ్యా వచ్చి చూడలేదు. దీని మీద నేను సంతకం పెట్టను” అన్నాను.

అయితే వ్యాసం రద్దు అని డిప్యూటీ డీన్ డాక్టర్ రబాబ్ వైపు కాగితం తోశాడు. మార్కు వేసినవాళ్ళే కొట్టేయాలట, అది వాళ్ళ నియమం.  ఆవిడ కాగితం చూసింది, నన్ను చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

“ఈ మార్కు నేను వేశాను. నేను కొట్టేయను” అంది.

అంతే ఖాలా. చాలాసేపు వాదించుకున్నారు. నన్ను బయట కూర్చోబెట్టారు. మళ్ళీ పిలిచి చెప్పింది ఇది. మార్కు ఉంటుంది, సీటు ఉంటుంది. కానీ ఆ ఆస్పత్రిలో నాకు ఇక చోటు లేదు. వచ్చే నెల నుంచి తూర్పున ఎడారి అంచున ఉన్న చిన్న ఆస్పత్రిలో శిక్షణ. అక్కడికి పోవడమంటే శిక్ష అని అందరూ అంటారు. వచ్చే ఏడాది అద్దం వ్యాసం డాక్టర్ రబాబ్ చేతిలో ఉండదట. ఆవిడ బయటికొచ్చి నాకు చెయ్యి కలిపింది.  

వార్డులో అదే నా ఆఖరి సాయంత్రం. ఉమ్ ముత్లక్ మంచం దగ్గరకెళ్ళి కూర్చున్నాను. హాజ్జా, మీ గురించి ఒకటి రాశాను, మీరు వినాలి అన్నాను. ఇంగ్లీషు కాగితం పట్టుకుని ఒక్కో వాక్యం మన మాటల్లో చెప్పాను. నా తప్పు దగ్గరికి వచ్చినప్పుడు ఆగకుండా చెప్పాను. ఆవిడ పైకప్పు చూస్తూ విన్నది. అయిపోయాక క్షమించమని అడిగాను. క్షమించానని అనలేదు, తిట్టలేదు. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“నొప్పి ఉండింది బిడ్డా” అంది. “నాకు. చచ్చేంత ఉండింది.”

ఇప్పుడో అని అడిగాను. లేని కాలి వేళ్ళు లాగుతున్నాయంది. భుజం సంగతి చెప్పింది, నడుం సంగతి చెప్పింది, ఎడమవైపు పన్ను ఎన్నేళ్ళుగా పోటెత్తుతోందో చెప్పింది. కోడలు మాటలు ఎక్కడ గుచ్చుకుంటాయో కూడా చెప్పింది. మధ్యలో మగ్రిబ్ అజాన్ వినిపించింది. నేను ఉపవాసం విడవడానికి నాలుగు గుక్కల నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఇంకా చెప్పండి అన్నాను.

నీ
బుసైనా